దాలినాయుడి అప్పడం

ఘాటు రోడ్డు మీద ట్రైలర్ దింపడంలో తనను మించినవాడు లేడని మత్స్యరాజు నమ్మకం. ఆ నమ్మకం వాడికి మూడు నెలల్లోనే కుదిరింది. గురువు దాలినాయుడికి ముప్పయ్యేళ్లయినా కుదరలేదు. ఆయన ఇప్పటికీ కొండ చూస్తే చెప్పులు విడిచి దణ్ణం పెడతాడు.

"రేపట్నుంచి బండి నా ఒక్కడి చేతికి ఇచ్చేయండి గురువుగారూ," అన్నాడు మత్స్యరాజు, పాడేరులో నీలగిరి దుంగలు ఎక్కించాక.

"ముందు కొండ దిగనీరా," అంటూ దాలినాయుడు పక్క సీట్లో కూర్చున్నాడు.

వాడు దింపే తీరు చూడముచ్చటగానే ఉంది. ట్రైలర్ బ్రేకుకు విడిగా చేతి మీట ఉంటుంది. వెనక బరువు ముందుకు తోసెయ్యకుండా, కొండ పైన పట్టుకున్న ఆ మీటను వాడు మళ్లీ వదల్లేదు. పెద్ద గేరులో, చిన్న కుదుపైనా లేకుండా, రెండు లారీలను దాటేశాడు కూడా. మీసం మీద చెయ్యి వేసుకోలేదు గానీ, వేసుకున్నట్టే ఉంది వాడి వాలకం.

సగం దారిలో రోడ్డు వెడల్పైన చోట దాలినాయుడు బండి ఆపించాడు. చక్రాల కింద రాళ్లు పెట్టించాడు. క్యారేజీలోంచి పచ్చి అప్పడం తీసి, పట్టకారుతో పట్టుకుని, ట్రైలర్ చక్రం వెనక బ్రేకు డ్రమ్ముకి ఆనించాడు.

చిటపటమంది. అప్పడం బొబ్బలెక్కి, అంచులు నల్లబడ్డాయి.

"తినరా. నువ్వు కాల్చిందే," అని వాడి చేతిలో పెట్టాడు. "కాగిపోయిన బ్రేకు బండిని ఆపదు. ఇంకా సగం కొండ ఉంది."

మత్స్యరాజు కింద లోయ వైపు చూశాడు. అప్పడం చేత్తోనే పట్టుకుని, చక్రాల కింద రాళ్లను ఇంకాస్త లోపలికి తన్నాడు.

డ్రమ్ములు చల్లారేదాకా ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. తర్వాత దాలినాయుడే స్టీరింగు పట్టాడు. రెండో గేరు వేశాడు. ఇంజను మూలుగుతూ బండిని ఆపుకుంటోంది. వేగం పెరిగినప్పుడల్లా ఒక్కసారి గట్టిగా బ్రేకు నొక్కి, వెంటనే వదిలేస్తున్నాడు. మత్స్యరాజు దారి చూడలేదు, ఆయన కాలినే చూశాడు.

మర్నాడూ అదే లోడు, అదే కొండ. మత్స్యరాజు కొండ పైనే రెండో గేరులోకి దిగాడు. వెనక బండ్ల హారన్లకు చెవులు చిల్లులు పడ్డాయి. ఒక లారీ డ్రైవరు దాటిపోతూ తల బయటపెట్టి, "ఏటి తమ్ముడూ, పెళ్లి ఊరేగింపా?" అని నవ్వాడు. వాడికి తల కొట్టేసినట్టయింది. చెయ్యి గేరు రాడ్డు మీదకు వెళ్లింది. ఎలాగో వెనక్కి తీసుకున్నాడు.

కొండ కింద టీ కొట్టు దగ్గర ఆపాక, దాలినాయుడు అప్పడం పట్టుకుని దిగాడు. ఒక్కో చక్రం దగ్గరా వంగి, తీరిగ్గా ఆనించి చూశాడు. మత్స్యరాజూ వెనకే వంగి వంగి చూశాడు. చివరి చక్రం దాకా వెళ్లినా అప్పడం తెల్లగానే ఉంది.

దాలినాయుడు బండి తాళంచెవి తీసి వాడి చేతిలో పెట్టాడు. దాని మీద పచ్చి అప్పడం, పట్టకారు కూడా పెట్టాడు.

ఊరేగింపా అని అడిగిన డ్రైవరు అక్కడే టీ తాగుతున్నాడు. అతని లారీ చక్రాల్లోంచి సన్నగా పొగ లేస్తోంది.

"మన బండి మీద ఇది కాలేలా లేదురా," అన్నాడు దాలినాయుడు, కొట్లో అందరికీ వినబడేలా. "వెళ్లి ఆయన్ని అడుగు."