నూకాలు మూడో కూత

అనగనగా ఒక అడవిలో నాలుగు దుప్పులు చచ్చిపోయాయి. చంపినవి రేచుకుక్కలు. వాటి నోటికి అందించింది మాత్రం ఒక తప్పు కూత. ఆ కూత పెట్టింది నూకాలు.

కథ ఇలా మొదలైందేమిటని మొహాలు ముడుచుకోకండి పిల్లలూ. జరిగింది జరిగినట్టే చెబుతాను.

నూకాలు ఒక కొండముచ్చు. నడివయసుది. పొద్దున్నే మోకాళ్ళు పట్టేస్తాయి. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళై వేరే గుంపుల్లో కలిసిపోయారు. మడుగు ఒడ్డున ఒక మద్ది చెట్టు ఉంది. దాని పైకొమ్మ మీద కూర్చుని కాపలా కాయడం నూకాలు పని. కింద దుప్పుల మంద మేస్తుంది. తల వంచి మేసేవాళ్ళకి దూరం కనబడదు. పైనున్న నూకాలుకి కనబడుతుంది. ప్రమాదం వస్తే కూత పెడుతుంది. నూకాలు కిందికి దిగినప్పుడు దుప్పులు వాసన పట్టి దాన్ని కాపాడతాయి. అదీ ఒప్పందం.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. కాపలాదారు చెట్టు దిగి ఎక్కడికైనా వెళ్తే, ఒక పచ్చికొమ్మ విరిచి కింద పడెయ్యాలి. కొమ్మ పడిందంటే పైన ఎవరూ లేరని అర్థం. అప్పుడు దుప్పులు మేత మానేసి పొదల్లోకి వెళ్ళి నిలబడాలి.

కూతలు ఊరికే రావు. ఏటి అవతల నల్లబండ మీద కూతల బడి ఉంది. పాఠం చెప్పేది ఏట్రింత మాస్టారు. తోక చివర రెండు పొడుగాటి ఈకలు వేలాడే నల్లపిట్ట. ఏ జంతువు గొంతైనా అచ్చంగా తీస్తాడు. మొదటి వానాకాలంలో చిరుత కూత నేర్పుతాడు. అది వింటే చెట్ల నీడ వదిలి బయటికి రావాలి. రెండో వానాకాలంలో పులి కూత. అది వింటే గడ్డి వదిలి మెట్ట మీదికి పరుగెత్తాలి. మూడో వానాకాలంలో రేచుకుక్కల కూత. అది వింటే పరుగెత్తకూడదు. మడుగులోకి దిగి, ఒకరినొకరు ఆనుకుని నిలబడాలి. ఎందుకంటే ఆ ఎర్రకుక్కలు అలసిపోవు. పరుగెత్తేవాళ్ళే అలసిపోతారు.

నూకాలు రెండు కూతలు నేర్చుకుని బడి మానేసింది. ఆ ఏడు మద్ది చెట్టు మీది పాత కాపలాదారు చచ్చిపోయింది. చెట్టు ఖాళీ అయింది. మంచి చెట్టు. ఆలస్యం చేస్తే ఇంకెవరో ఎక్కేస్తారు. 'రేచుకుక్కలు కొండ అవతల కదా ఉండేది, ఇటెందుకొస్తాయి?' అనుకుంది నూకాలు. అందరూ అదే అన్నారు. ఎనిమిదేళ్ళు అది నిజమే అయింది.

తొమ్మిదో ఏడు వేసవిలో కొండ అవతల అడవి కాలిపోయింది. కుక్కలు ఇటు వచ్చాయి.

ఆ పొద్దున నూకాలు వాటిని ముందే చూసింది. ఎర్రగా, వరసగా, చప్పుడు లేకుండా వస్తున్నాయి. ఏం కూత పెట్టాలో తెలియలేదు. నోరు మూసుకుంటే కాపలా ఎందుకు? తనకి బాగా వచ్చిన కూత పెట్టేసింది. పులి కూత.

మంద మాట విని మెట్ట మీదికి పరుగు తీసింది. కుక్కలకి కావలసిందీ అదే. నాలుగు దుప్పులు పడిపోయాయి. అందులో ఒకటి మందలో పెద్దదైన చుక్కమ్మ కూతురు.

సాయంత్రం మిగిలినవాళ్ళు చెట్టు కిందికి తిరిగి వచ్చారు. మెట్ట మీదికి ఉరకబట్టే బతికామని వాళ్ళ నమ్మకం. మందకి ముందు నడిచే పోతు పోలయ్య తల పైకెత్తాడు.

"నూకాలక్కా, నీ కూత లేకపోతే అందరం పోయేవాళ్ళం. నీ రుణం ఉంచుకోం."

చుక్కమ్మ కూడా, ఏడ్చి ఏడ్చి గొంతు పోయినా, "అవునమ్మా" అంది.

నూకాలు కింద పడుకున్నవాళ్ళకి నాలుగు లేత ఆకులు రాల్చింది. తను ఒక్కటీ తినలేకపోయింది.

మర్నాడు మడుగులో ఒక ముసలి కణుజు నీళ్ళు తాగుతూ కనబడ్డాడు. దుప్పి కంటే పెద్ద ఒళ్ళు, మట్టి రంగు, విరిగిన కొమ్ము. ఒంటరివాడు, చెవిటివాడు. నూకాలు కింది కొమ్మకి దిగింది.

"తాతా! నిన్న కుక్కలొచ్చినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. ఎలా బతికావు?"

"ఆ? ఎలా వెతికానా?"

"ఎలా బతికావూ అని!"

"ఓ, అదా. నీళ్ళలో నిలబడ్డాను. ఒడ్డు మీద కాసేపు తిరిగి పోయాయి. మా అమ్మ నేర్పింది. నువ్వేం కూత పెట్టావేంటి, వాళ్ళు అలా మెట్ట మీదికి ఉరికారు?"

నూకాలు చుట్టూ చూసింది. తర్వాత అతని చెవి దగ్గరికి వంగింది.

"పులి కూత."

ముసలాయన ఆ చెవిని ఒకసారి విదిలించాడు.

"అయితే నాకు చెవుడు ఉండబట్టి బతికానన్నమాట" అన్నాడు. "నేనెవరికీ చెప్పనులే. చెప్పినా ఈ చెవిటాడి మాట ఎవరు వింటారు?"

చూశారా పిల్లలూ. నూకాలుకి చెట్టు ఉంది. పేరు ఉంది. దండాలు పెట్టే మంద ఉంది. ఊరుకుంటే అన్నీ ఉంటాయి. కుక్కలు మళ్ళీ వచ్చేదాకా ఉంటాయి. బడికి వెళ్ళాలంటే రోజూ పొద్దున్నే కొమ్మ విరవాలి. కొమ్మ విరిస్తే మంద ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి.

ముందు బడికి వెళ్తానని తన వదిన బంగారితో అంది. బంగారి పక్క గుంపులో ఉండేది. నోరు పెద్దది.

"ఈ వయసులో బడా? నీ మోకాళ్ళు బండ ఎక్కుతాయా? పాలు మానని పిల్లల పక్కన కూర్చుని కీచుకీచుమంటావా? మా గుంపులో నేనెలా తలెత్తుకోను?"

"నీ తల సంగతి నాకెందుకు వదినా? నాకు మూడో కూత రాదు."

"రాదని ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"అయితే నువ్వొక్కదానివే తెలుసుకుని ఊరుకో!"

నూకాలు ఊరుకోలేదు. మొదటి వాన పడ్డ రోజున మందని పిలిచింది. చెట్టు మీది నుంచి కాదు, కిందికి దిగి చెప్పింది.

"ఆ రోజు నేను పెట్టింది తప్పు కూత. కుక్కల కూత నాకు రాదు. నేర్చుకోకుండానే చెట్టెక్కాను. సరైన కూత పెట్టి ఉంటే నలుగురూ బతికేవాళ్ళు. రేపటి నుంచి బడికి వెళ్తాను. ఎండ చెట్ల మీదికి వచ్చేసరికి తిరిగొస్తాను. అంతవరకు మీరు పొదల్లో ఉండాలి."

పోలయ్య కాలితో నేల గీరాడు.

"పొద్దుటి మేతే అసలు మేత. అది మానేసి ఈ వానాకాలమంతా పొదల్లో నిలబడాలా? నీ చదువు కోసం?"

"అవును."

"నిన్ను తరిమేసి ఇంకొకర్ని పెట్టుకుంటే?"

"పెట్టుకో. మూడో కూత వచ్చినవాళ్ళు ఈ ఏటికి ఇవతల ఎవరున్నారో అడుగు. నేను అడిగాను. ఒక్కరూ లేరు."

చుక్కమ్మ నూకాలు ముందుకి వచ్చి నిలబడింది. కొట్టలేదు, తిట్టలేదు. మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కొట్టి ఉంటే బాగుండేదనుకుంది నూకాలు.

మర్నాడు పొద్దున్నే కొమ్మ విరిచి పడేసి, ఏరు దాటి, బండ ఎక్కింది. మూడుసార్లు ఆగి ఎక్కింది.

బడి నిండా చిన్న కొండముచ్చులు. ఒకటి కిసుక్కున నవ్వింది.

"మామ్మా, మనవణ్ణి దింపడానికి వచ్చారా?"

"చదువుకోడానికి వచ్చాను. జరుగు."

ఏట్రింత మాస్టారు తల వాల్చి చూశాడు.

"ఎనిమిదేళ్ళ కిందట రెండో పాఠం కాగానే పోయావు. చెట్టు దొరికిందన్నావు."

"అన్నాను మాస్టారూ."

"నలుగురు పోయారట."

"నలుగురు."

"కూర్చో" అన్నాడు మాస్టారు. అంతకుమించి అడగలేదు.

మూడో కూత గొంతు పైనుంచి కాదు, పొట్ట నుంచి రావాలి. రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్ళీ రెండు పొడుగు. పిల్లలకి ఇరవై రోజుల్లో వచ్చేసింది. నూకాలుకి రాలేదు. నోరు తెరిస్తే పులి కూతే వచ్చేది. ఎనిమిదేళ్ళు పెట్టిన కూత కదా, గొంతులో గూడు కట్టుకుంది. పిల్లలు వెక్కిరించారు. నెల తర్వాత వెక్కిరించడం కూడా మానేశారు. జాలిపడ్డారు. అది ఇంకా కష్టం.

తిరిగొచ్చి సాయంత్రం దాకా కాపలా. మధ్యాహ్నం కళ్ళు మూతలు పడేవి. తోకని కొమ్మకి గట్టిగా రాచుకునేది, నొప్పికి మెలకువ ఉంటుందని. ఎండ తగ్గాక మందకి పాఠం చెప్పేది. "మూడో కూత వింటే ఎటు?" "నీళ్ళలోకి." "పరుగెత్తుతారా?" "ఎత్తం." పోలయ్య మాత్రం నోరు విప్పేవాడు కాదు.

మంద చిక్కిపోయింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా కనబడ్డాయి.

రెండో నెలలో ఒక పొద్దున, ఆకలికి ఆగలేక, ఏడాది వయసున్న ఒక దుప్పి పొదల్లోంచి బయటికి వచ్చింది. కొమ్మ కింద పడి ఉంది. అది చూస్తూనే దాటి వెళ్ళి మేసింది. చిరుత పట్టుకుపోయింది.

నూకాలు వచ్చేసరికి గడ్డి మీద రక్తం ఆరలేదు.

"చూడు" అన్నాడు పోలయ్య. "చిరుత కూత నీకు వచ్చు. చెట్టు మీద ఉంటే వీడు బతికేవాడు. ఇప్పుడు లెక్క ఐదు."

అది నిజం. నూకాలు కాదనలేదు. ఆ రోజంతా చెట్టు మీద కూర్చుని, రేపు వెళ్ళాలా వద్దా అని ఆలోచించింది. వద్దనడానికి కావలసినంత కారణం గడ్డి మీదే ఉంది.

పొద్దు వాలుతుండగా చుక్కమ్మ చెట్టు కిందికి వచ్చింది. తప్పు ఒప్పుకున్న రోజు నుంచి మాట్లాడలేదు.

"నేర్చుకోవడం ఎంతవరకు వచ్చింది?"

"సగం."

"సగం కూతకి ఎటు పరుగెత్తమంటావు?"

నూకాలు కళ్ళు గడ్డి మీది మరక వైపు తిప్పింది.

"ఆపేస్తే నిన్ను క్షమించను" అంది చుక్కమ్మ. "ఆపకపోయినా క్షమించను. వెళ్ళు."

మర్నాడు మద్ది చెట్టు కింద కొమ్మ పడింది.

వానలు తగ్గుముఖం పట్టే సమయానికి ఒక పొద్దున నూకాలు నోరు తెరిచింది. పొట్టలోంచి వచ్చింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, రెండు పొడుగు. పిల్లలు తిరిగి చూశారు. మాస్టారు ఈకలు సర్దుకున్నాడు.

"ఇంకోసారి" అన్నాడు.

చలికాలంలో, మంచు పట్టిన ఒక పొద్దున, కుక్కలు వచ్చాయి. నూకాలు గొంతులో ముందు కదిలింది పాత కూతే. పళ్ళు బిగించి దాన్ని మింగేసింది. తర్వాత మూడో కూత పెట్టింది.

మంద ఒక్క క్షణం ఆగింది. పోలయ్య మెట్ట వైపు ఒక అడుగు వేశాడు. చుక్కమ్మ అతని పక్కలో తలతో ఒక్క పోటు పొడిచింది.

"నీళ్ళలోకి నడువు, వెధవా!"

అందరూ దిగారు. రొమ్ము లోతు నీళ్ళు, ఎముకలు కొరికే చలి. కుక్కలు ఒడ్డు మీద అటూ ఇటూ తిరిగాయి. ఈలలు వేసుకున్నాయి. మిట్టమధ్యాహ్నం దాకా తిరిగాయి. నూకాలు కూత ఆపలేదు. చివరికి కుక్కలు వెళ్ళిపోయాయి.

ముందురోజే పుట్టిన ఒక కూన గడ్డిలో పడుకుని ఉండిపోయింది. దానికి నడక రాదు. కుక్కలకి అదొక్కటే దొరికింది. దాని తల్లి మూడు రోజులు ఆ గడ్డి దగ్గరే తిరిగింది.

ఎవరూ దండాలు పెట్టలేదు. ఎవరూ రుణం మాటెత్తలేదు. చుక్కమ్మ వణుకుతూ చెట్టు కిందికి వచ్చి తల పైకెత్తింది.

"పొద్దుటి మేత పోయింది. ఆకులేమైనా వెయ్యి."

నూకాలు వేసింది. కూత పెట్టి పెట్టి గొంతు పోయింది.

వారం తర్వాత ఏట్రింత మాస్టారు మద్ది చెట్టు మీద వాలాడు.

"నీ పాఠం అయిపోయింది. ఇక రానక్కర్లేదు."

"నాలుగో కూత ఉందా మాస్టారూ?"

"ఉంది. తుపాకీ పట్టుకున్న మనిషి కూత. నేను ఎవరికీ నేర్పలేదు. మూడోదాకా నిలిచేవాళ్ళే తక్కువ కదా. అయినా ఆ మనిషి ఇటు ఇంకా రాలేదు."

నూకాలు మడుగు అవతల మెట్టని చూసింది. నాలుగు దుప్పులూ పడింది అక్కడే.

"మళ్ళీ వానలకి వస్తాను" అంది.

మళ్ళీ వానాకాలం మొదటి పొద్దున మద్ది చెట్టు కింద పచ్చికొమ్మ పడింది. ఎవరూ ఎందుకని అడగలేదు. మంద లేచి పొదల్లోకి నడిచింది. పాఠం పూర్తయ్యేదాకా, మోకాళ్ళు పట్టేసిన రోజుల్లో కూడా, ఒక్క పొద్దూ కొమ్మ పడకుండా లేదు.

నీతి: రాని పనిని వచ్చినట్టు చేస్తే దెబ్బ తగిలేది మనల్ని నమ్ముకున్నవాళ్ళకి. ఏ వయసులోనైనా సరే, రాదని ఒప్పుకుని వెళ్ళి నేర్చుకోవాలి.