అంచు తగ్గిన చిప్ప

ఏసోబు ఉపదేశి గారిని ప్రశ్న అడగడమంటే పని కొని తెచ్చుకోవడమే. ఆయన జవాబు చెప్పేవారు కాదు, చేతికేదో అప్పజెప్పేవారు. మా లంకలో ఆయన దగ్గర వాక్యం నేర్చుకున్నవాళ్ళందరికీ ఇది తెలుసు. అయినా సలోమి అడిగింది. ఆమె భర్త దానియేలు పోయి అప్పటికి ఐదు నెలలు.

"ఈస్టరుకు అందరూ దేవుడికి కృతజ్ఞతలు చెబుతారు. నేను దేనికని చెప్పనండీ? ఆ మాట నోట రాకపోతే నేనిక గుడికి రాను."

"ముందు మీ ఆయన సమాధికి కొవ్వొత్తి చిప్ప చెయ్యమ్మా," అన్నారాయన.

ఈస్టరు తెల్లవారుజామున ప్రతి సమాధి మీదా, ఇంట్లో అలంకరించిన కొబ్బరి చిప్పలో కొవ్వొత్తి వెలగాలి. సలోమి మనసు పెట్టి చేసింది. చిప్పను గరుకు కాగితంతో నున్నగా రుద్ది, అంచును పూరేకుల్లా కోసి, తెల్లరంగు వేసింది. దొర్లకుండా అడుగున, తాను తీసేసిన గాజుల్లో ఒకటి అంటించింది. అయితే అందం కోసమని అంచు మరీ కిందికి కోసేసింది. మంటకు చాటు లేదు. ఉపదేశి గారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "బాగుంది" అని ఊరుకున్నారు.

కరకట్ట పక్క సమాధుల దగ్గర ఏటిగాలి ఊరుకుంటుందా? సలోమి కొవ్వొత్తి ఆరిపోయింది. అక్కడ అగ్గిపుల్ల గీయడం మా ఆచారం కాదు. గుడి దీపం నుంచి తెచ్చిన వెలుగునే ఒకరి నుంచి ఒకరు అందుకోవాలి. పడవ నడిపే జెకర్యా వచ్చి వెలిగించాడు. "వరదలో మా మేకల్ని ఒడ్డు చేర్చింది మీ ఆయనేనమ్మా," అన్నాడు. మళ్ళీ ఆరింది. ఈసారి పాలమ్మే రూతమ్మ వచ్చింది. "నేను జ్వరాన పడితే మా గేదెకు వారం పాటు గడ్డి కోసుకొచ్చాడే, నీకు చెప్పనేలేదా?" చెప్పలేదు. మూడోసారి ఆరితే, పొలం గట్టు తగాదాతో రెండేళ్ళుగా గడప తొక్కని మరిది వచ్చాడు. "ఈ ఏట్లో నాకు ఈత నేర్పింది అన్నే, వదినా," అన్నాడు. మంట ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టి అలాగే నిలబడిపోయాడు.

ప్రార్థన మొదలయ్యేసరికి సలోమి చెంపలు తడిసి ఉన్నాయి. "ప్రభువా, ఇలాంటి మనిషిని నాకిచ్చావు. నీకు స్తోత్రం," అని పైకే అంది. మేమంతా విన్నాం.

తిరిగి వస్తూ ఆమె ఉపదేశి గారితో అంది: "అంచు మరీ తగ్గించేశానండీ. వచ్చే ఏడు ఎత్తుగా ఉంచుతాను."

"వద్దమ్మా," అన్నారాయన. "అంతే ఉండనీ."