ఈతచెట్టు బడిలో ఎనిమిదో పేరు

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన ఈతచెట్టు ఒకటి ఉండేది పిల్లలూ. దాని మీద గిజిగాడు మాస్టారి గూడల్లిక బడి. చెట్టుకు ఊగే మట్టలు ఆరే. మట్టకు ఒక్కరు. ఇంకొకరు ఎక్కారా, మట్ట విరిగి ఇద్దరూ వాగులో పడాల్సిందే. అందుకే ఆరుగురికే చోటు.

పిచ్చుక బుల్లెమ్మ వచ్చేసరికి ఆరు మట్టలూ నిండిపోయాయి.

"ఖాళీ లేదమ్మా," అంది పేర్లు చూసే గోరింక. "ఎవరైనా మానేస్తే వరసలో పిలుస్తా. మూడో పిలుపుకి పలక్కపోతే చోటు తర్వాతివాళ్ళది. ఏడో పేరు గువ్వ తాతది. నీది ఎనిమిది."

పోయిన వానలకు, బుల్లెమ్మ గడ్డిలో పెట్టిన గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. ఈ తొలకరిలోపు వేలాడే గూడు అల్లడం రావాలి. వెనక్కి పోబుద్ధి కాలేదు. చెట్టు కిందే కూర్చుంది.

మర్నాడు, తొలి పాఠం మొదలవకముందే, చిలుక బడి మానేసి జామతోటకు పోయింది.

"గువ్వ తాతా!" గోరింక పిలిచింది. పలుకు లేదు. తాత జొన్నచేలో గింజలు ఏరుకుంటున్నాడని బుల్లెమ్మకు తెలుసు.

"గువ్వ తాతా!" రెండో పిలుపు.

"నోరు మూసుకుని కూర్చోవే పిచ్చిదానా! ఇంకొక్క పిలుపు, చోటు నీదే," అని గుసగుసలాడింది పక్కనే వాలిన ఒక కాకి.

బుల్లెమ్మ కళ్ళ ముందు కొట్టుకుపోయిన గుడ్లు మెదిలాయి. అయినా ఉండబట్టలేకపోయింది. "ఆగు గోరింకత్తా! తాతను నేను పిలుచుకొస్తా," అని రివ్వున ఎగిరింది.

తాత రొప్పుతూ వచ్చి మట్ట ఎక్కాడు. కాకి పడీపడీ నవ్వింది.

సాయంత్రం తాత కిందికి దిగాడు. "నువ్వు రాకపోతే నా చోటు పోయేదే తల్లీ. ఇలా రా, ఇవాళ్టి పాఠం చూపిస్తా."

రోజూ అంతే. ఒకనాడు ముడి, ఒకనాడు మెలిక, ఇంకోనాడు జడ. "మావాళ్ళు రెండు పుల్లలు అడ్డం పెట్టి, అదే గూడంటారే!" అని తాత తనే నవ్వేవాడు.

ఆరో రోజు లకుముకి పిట్ట బడి మానేసింది. "గట్టులో బొరియ ఉండగా నాకెందుకీ అల్లికలు?" అంది.

గోరింక బుల్లెమ్మను పిలిచింది. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "ఐదు రోజుల పాఠం అయిపోయింది. అది రానివాళ్ళను మధ్యలో చేర్చుకోను. ముడి వదులైతే గుడ్లతో సహా గూడు వాగుపాలే."

బుల్లెమ్మ గడ్డిపరకలు తెచ్చి ముడి వేసింది, మెలి తిప్పింది, జడ అల్లింది. మాస్టారు ముక్కుతో గట్టిగా లాగాడు. ఊడలేదు.

"ఎవరు నేర్పారే?"

"గువ్వ తాతండీ."

"మరి ఇంకా కిందే ఉన్నావేం? ఎక్కు!"

తొలకరి కురిసింది. వాగు గట్లు దాటి పొంగింది. నీళ్ళకు బారెడు ఎత్తున బుల్లెమ్మ గూడు ఊగుతూ ఉంది. లోపల గుడ్లు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. పక్క మట్టకు తాత గూడు, కాస్త వంకరగానే అయినా, అదీ నిలిచింది.

నీతి: ఎదుటివారి వంతును కాజేయకుండా, ఎదురుచూసే రోజుల్లో నేర్చుకుంటూ ఉంటే, మన వంతు వచ్చేసరికి మనం సిద్ధంగా ఉంటాం.