రెండుసార్లు అనే మాట

అనగనగా అనడానికి కూడా అందనంత వెనకటి మాట. జపాను దేశంలో సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీసేవాళ్ల ఇంట సెన్‌కిచి అనేవాడు పుట్టాడు. అతని కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మీకూ మండాలి. మండకపోతే నేను సరిగ్గా చెప్పనట్టే.

ఆ దేశంలో షోగి అని ఒక ఆట ఉంది. మన చదరంగానికి దూరపు చుట్టం. అందులో చంపిన బంటు చచ్చిపోదు. పట్టుకున్నవాడి చేతికి వచ్చి, అతని తరఫున మళ్లీ పలక మీదికి దిగుతుంది. ఆ ఆటకు మూడు కట్టుబాట్లు. ఒకే నిలువు వరసలో తన బంట్లు రెండు పెట్టినవాడు ఆ క్షణమే ఓడినట్టు. ఓడినవాడు తన నోటితో తానే "ఓడిపోయాను" అనాలి, ఇంకొకరు అనకూడదు. చూసేవాళ్లు నోరు మెదపకూడదు.

సెన్‌కిచి ఉప్పు బానల పక్కన గవ్వలు పరుచుకుని ఆట నేర్చుకున్నాడు. అతని ఆట చూసి, షోగియే బతుకుతెరువుగా ఉన్న ఒక పెద్దింటి వాళ్లు వెంటబెట్టుకుపోయారు. బాగా ఆడితే మా ఇంటిపేరు నీకిస్తాం అన్నాడు ఆ ఇంటి పెద్దాయన. ఉప్పువాళ్లకు ఆ రోజుల్లో ఇంటిపేరే లేదు. అది లేనివాణ్ణి ఎంత గెలిచినా ఆటగాడు అనేవాళ్లు కాదు, ఉప్పోడు అనేవాళ్లు. సెన్‌కిచికి కావలసిందల్లా ఆ పేరే. దాన్ని తీసుకెళ్లి అమ్మకు చెప్పుకోవాలి, అంతే.

పెద్దాయనకు గెన్నోసుకే అని ఒక కొడుకు. పట్టుబట్టలకు లోటు లేదు, ఆటకే లోటు. ఆ సీమనేలే దొర ఎదుట మూడేళ్లు వరసగా నెగ్గితేనే అతనికి తండ్రి పీఠం దక్కుతుంది.

మొదటిసారి దొర ఎదుట ఇద్దరినీ కూర్చోబెట్టారు. సెన్‌కిచికి గెలుపు చేతికందింది. పెద్దాయన దగ్గాడు. అది ఓడిపొమ్మన్న సైగ. సెన్‌కిచి కావాలనే తప్పు ఎత్తు వేసి, తల వంచి, "ఓడిపోయాను" అన్నాడు. చూసిన కళ్లు బోలెడు. తెరిచిన నోరు ఒక్కటీ లేదు. ఇంటిపేరు మాట అడిగితే వచ్చే ఏడు అన్నారు.

రెండోసారీ అంతే. పెద్దాయన దగ్గాడు, సెన్‌కిచి తల వంచాడు. చూసిన కళ్లు బోలెడు. తెరిచిన నోరు ఒక్కటీ లేదు. మళ్లీ వచ్చే ఏడు అన్నారు. ఈలోపు ఉప్పు పొగలో దగ్గి దగ్గి తల్లి కన్నుమూసింది. అయ్యో అనడానికి కూడా ఆ పెద్దింట్లో ఎవరికీ తీరిక లేకపోయింది.

మూడోసారి సెన్‌కిచి ఓడిపోవడానికి సిద్ధపడే కూర్చున్నాడు. ఓడిపోనిస్తేగా! కంగారులో గెన్నోసుకే తన చేతిలో ఉన్న బంటు తీసి, అప్పటికే తన బంటు ఉన్న వరసలో టక్కున పెట్టాడు. ఒకే వరసలో రెండు బంట్లు. దొర చూశాడు. కొలువంతా చూసింది. చూసిన కళ్లు బోలెడు. తెరిచిన నోరు ఒక్కటీ లేదు.

పెద్దాయన దగ్గాడు. సెన్‌కిచి కదల్లేదు. మళ్లీ దగ్గాడు. కదల్లేదు. చివరికి చెవి దగ్గర చేరి, ఆ ఒక్క మాట అనేయి, ఈ పూటే ఇంటిపేరు ఇస్తాను అన్నాడు.

సెన్‌కిచి అందరికీ వినబడేలా జవాబు చెప్పాడు. "ఓడిపొమ్మంటే రెండుసార్లు ఓడిపోయానండి. అప్పుడు నా ఆట చెడింది, షోగి చెడలేదు. ఇవాళ ఆ మాట అనాల్సింది అబ్బాయిగారు."

అబ్బాయిగారు అనలేదు. పొద్దువాలేదాకా పలక వంక చూస్తూ కూర్చున్నాడు గానీ పెదవి విప్పలేదు. దొర విసుగుపుట్టి లేచిపోయాడు. పెద్దల ముందు పొగరు చూపించాడని సెన్‌కిచిని వెళ్లగొట్టారు. గెన్నోసుకేకి పీఠం కట్టబెట్టారు. సిగ్గు లేదా మీకు అని ఆ రోజు అడిగినవాడు లేడు. అందుకే కథ చెప్పినప్పుడల్లా నేను అడుగుతాను.

సెన్‌కిచి ఉప్పురేవుకు తిరిగొచ్చి, పడవలు ఆగేచోట పలక వేసుక్కూర్చున్నాడు. చేపలమ్మేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, ఎవరొస్తే వాళ్లతో ఆడాడు. పడవ నడిపే ఒతాకి అనే పిల్ల చేతిలో ఎప్పుడైనా ఓడితే, "ఓడిపోయాను తల్లీ" అని హాయిగా నవ్వేవాడు. అతనితో ఒక్క ఆట ఆడాలని ఎక్కడెక్కడి రేవులవాళ్లో వచ్చేవాళ్లు. అలాగే ముసలివాడై ఒక చలికాలంలో పోయాడు.

అప్పుడు పెద్దింటి నుంచి ఒక మనిషి దిగాడు. అంత పేరు మోసిన ఆటగాడు మావాడే అని చెప్పుకోవాలని వాళ్లకు ఇప్పుడు బుద్ధి పుట్టింది. సమాధి రాయి మీద మా ఇంటిపేరు చెక్కుకోండి, మా అయ్యగారు దయతలిచారు అన్నాడు. దయట! తల్లి బతికుండగా ఇవ్వని పేరు, మనిషి బతికుండగా ఇవ్వని పేరు, రాయికి ఇస్తారట!

ఒతాకి ఆ రాయికి అడ్డంగా నిలబడింది. "పేరు తరవాత ఇద్దురుగానిలెండి. ముందు మీ అయ్యగారిని ఇక్కడికొచ్చి ఆ మాట అనమనండి. పలక పరిచి ఉంచుతాం."

పలక పరిచే ఉంచారు. గెన్నోసుకే రాలేదు. ఆ మాట అనకుండానే అతనూ పోయాడు. రాయి మీద సెన్‌కిచి అన్న పేరొక్కటే ఉండిపోయింది.

ఆ రేవులో ఇప్పటికీ షోగిలో ఓడినవాళ్లు "ఓడిపోయాను" అని రెండుసార్లు అంటారు. మొదటిది తమకు. రెండోది అనకుండా పోయిన ఆ పెద్దమనిషి తరఫున. ఒకరి మాట ఇంకొకరు అనకూడదని కట్టుబాటు ఉందిగా అంటారేమో. ఉంది. సెన్‌కిచి కోసం దాన్ని ఒక్కచోట మీరతారు.

మొదటిసారి తల వంచి అంటారు. రెండోసారి మాత్రం ఎవరూ తల వంచరు.