పెంకు కట్టుకున్న బీరమ్మ

అనగనగా, కుక్కలు మాట్లాడితే మనుషులు చెవియొగ్గి వినే కాలంలో, దేవళకోట అనే రాజ్యం ఉండేది. దాని రాజు రణసింగుడు. ఆయనకు ప్రజలకన్నా వేట ఇష్టం, వేటకన్నా వేటకుక్కలు ఇష్టం. ఎలాంటి ఇష్టమో ముందు ముందు మీరే చూస్తారు.

కోటలో నలభై జాగిలాలు ఉండేవి. సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడుగు మూతి. వాసన పట్టి వెతికే రకం కాదు, కంటితో చూసి పరుగెత్తే రకం. కనుచూపు మేరలో కుందేలు కదిలితే చాలు, గాలిని వెనక వదిలేసేవి. వాటికి పేర్లు కూడా ఘనంగానే పెట్టారు. పవనరేఖ, చంద్రహాస, మేఘమాల. పేర్లకేం, ఎన్నయినా పెట్టవచ్చు. కడుపుకు పెట్టడమే కష్టం.

ఏటేటా వేట పండుగ జరిగేది. పండుగకు ముందు మూడు రోజులు జాగిలాలకు మెతుకు పెట్టేవారు కాదు. ఆకలిగా ఉంటేనే కసిగా పరుగెడతాయని కోటవారి నమ్మకం. తాతల నాటి నుంచి అదే ఆచారం. ఆ ఆచారం పెట్టిన తాతలు మాత్రం ఒక్కపూట పస్తుండి ఎరగరు.

పండుగనాడు ఏ జాగిలం కుందేలును వదిలేస్తుందో, దాని మెడలో కుండపెంకు కట్టి కోట బయటికి తరిమేవారు. ఆపైన దండోరా.

"ఓడిన జాగిలానికి ఎవరూ కూడు పెట్టరాదహో! ఎవరైనా చేరదీస్తే, ఎంతటివారైనా సరే, ఏడాదిపాటు అదే పెంకు తమ మెడలో కట్టుకు తిరగాలహో! పెంకు కట్టినవారితో కొనుగోలు లేదు, పిలుపు లేదు, పేరంటం లేదహో!"

ఇంకెవరు చేరదీస్తారు? ఏటా ఒక జాగిలం కోటగోడ పక్కనే తిరిగి తిరిగి, తలుపు తెరుస్తారేమోనని చూసి చూసి, అక్కడే ప్రాణం వదిలేది. జనం మొహం పక్కకు తిప్పుకుని నడిచిపోయేవారు.

ఆ ఏడు పెంకు పవనరేఖ మెడలో పడింది.

కోటకు క్రోసు దూరంలో గొర్రెలగుట్ట అనే పల్లె ఉంది. అక్కడ బీరమ్మ గొంగళ్ళు నేసి బతికేది. పన్నెండు గొర్రెలు, ఒక మగ్గం, ఒక ముసలి కుక్క, ఇదే ఆమె సంసారం. కుక్క పేరు బంటు. దాని ఒక చెవి తోడేలు పట్టుకుపోయింది. మిగిలిన చెవితోనే ఊరందరి సంగతులూ వినేది.

బీరమ్మ సంత నుంచి వస్తూ కోటగోడ దగ్గర పవనరేఖను చూసింది. పడుకుంటే ఎముకలు నేలకు ఒత్తుకుంటున్నాయి, నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. పాపం, అది లేస్తూ కూలబడుతూ ఉంది. బీరమ్మ ఆగింది. నాలుగడుగులు నడిచింది. మళ్ళీ ఆగింది.

'ఉన్న కుక్క చాలదా నాకు? ఏడాదిపాటు గొంగళ్ళు అమ్ముడుపోకపోతే ఏం తింటాను?' అనుకుంది. అనుకుని ఇంటికి వచ్చేసింది. వచ్చింది గానీ ఆ పూట ముద్ద గొంతు దిగలేదు.

మర్నాడు ముగ్గురిని సలహా అడిగింది.

మొదట ఉన్ని వ్యాపారి కోటిలింగం సెట్టి. ఆయన పకపకా నవ్వాడు. "అది మొరగదు బీరమ్మా! పరుగు ఒక్క గడియ, నిద్ర రోజంతా. నీకు కావలసింది కాపలా కుక్కా, మంచం దిగని వియ్యపురాలా? నీకు దానివల్ల ఒరిగేదేమిటి?"

"నాకు ఒరిగేది కాదు సెట్టిగారూ, దానికి మిగిలేది చూస్తున్నా. ప్రాణం మిగులుతుంది" అంది బీరమ్మ.

తర్వాత దండోరా వేసే పోలయ్య. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చాటింది నేనే అయినా చెబుతున్నా, వినక్కా. పెంకు తేలికే. దాన్ని చూసే కళ్ళు బరువు. పదిమందిలో తలెత్తుకోలేవు."

"పస్తులుంచి పరుగెత్తించినవాళ్ళు తలెత్తుకునే తిరుగుతున్నారు కదా తమ్ముడూ, నేనెందుకు దించుకోవాలి?" అంది బీరమ్మ.

మూడో సలహా ఇంట్లోదే. బంటును ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఒరే బంటూ, వాళ్ళ మాట వినడం, మానడం నా ఇష్టం. కానీ ఈ ఇల్లు నీది కూడా. రెండో కుక్కను తేనా, వద్దా?"

బంటు ఉన్న చెవిని కాసేపు గోక్కుంది. "అమ్మా, నా చిప్ప, నా చోటు, నా మంద. నాకున్నవి ఈ మూడే. ఆ జాతి సంగతి నాకు తెలుసు. ఏదైనా పరుగెడితే చాలు, వాటి కళ్ళు తెరుచుకుంటాయి, చెవులు మూసుకుంటాయి. రేపు గొర్రెపిల్ల గంతేస్తే కుందేలనుకోదా? మూడు రోజులు చూద్దాం. నచ్చకపోతే మాత్రం నేను మొహమాటపడను."

"సరే, అలాగే చూద్దాం" అంది బీరమ్మ. బంటు మాటలో న్యాయం ఉంది.

ఆమె కోటగోడ దగ్గరకు వెళ్ళి జాగిలాన్ని ఎత్తుకుని వచ్చింది. అంత పొడుగు కుక్క, తట్టెడు ఉన్నికన్నా తేలిక. "పవనరేఖట! నిన్ను చూస్తే సన్నమ్మ అనాలనిపిస్తోంది" అంది.  దింపగానే సన్నమ్మ ఆమె కాలికి ఒరిగి నిలబడింది.

మొదటి రోజు సన్నమ్మ తన చిప్ప నాకేసి, బంటు చిప్ప కూడా ఖాళీ చేసింది. బంటు ఇల్లెగిరిపోయేలా అరిచింది. బీరమ్మ ఎవరినీ కొట్టలేదు. ఒక చిప్ప వాకిట్లో, ఒక చిప్ప పెరట్లో పెట్టి, మధ్యలో తాను కూర్చుంది. రెండో పూటకల్లా సన్నమ్మకు అర్థమైంది, ఈ ఇంట్లో కూడు మళ్ళీ వస్తుందని.

రెండో రోజు సన్నమ్మ ఎంతకీ పడుకోలేదు. గట్టినేల దాని ఎముకలకు పడదు. బీరమ్మ పాత గొంగళి పరిచింది. "పదేళ్ళుగా నేను మట్టిలో పడుకుంటున్నా, ఏనాడైనా గొంగళి ఇచ్చావా?" అని బంటు అలిగింది. "నువ్వు ఏనాడైనా అడిగావా?" అంటూ బీరమ్మ గొంగళిని రెండు ముక్కలు చేసింది. బంటు తన ముక్కమీద మూడుసార్లు తిరిగి పడుకుని, ఆ సాయంత్రం దాకా లేవలేదు.

మూడో రోజు భయపడిందే జరిగింది. గుట్టమీద ఒక గొర్రెపిల్ల గంతులేసింది. సన్నమ్మ కళ్ళు తెరుచుకున్నాయి, చెవులు మూసుకున్నాయి. బాణంలా దూసుకుపోయింది. బీరమ్మ కేక దానికి వినబడలేదు. మంద పక్కనే ఉన్న బంటు ఒక్కటే, ముసలికాళ్ళతో కుంటుతూ రెండడుగులు వేసి గొర్రెపిల్లకు అడ్డంగా నిలబడింది.

"ఇది కుందేలు కాదే పిచ్చిదానా. ఇది మనది."

సన్నమ్మ మట్టి లేచేలా ఆగిపోయింది. 'మనది' అనే మాట అది పుట్టినప్పటినుంచి విని ఎరగదు. ఆనాటి నుంచి గుట్టమీదికి వెళితే దానికి పగ్గం కట్టేవారు, మంద దూరంగా ఉన్నప్పుడే విప్పేవారు. మనసు మంచిదే అయినా కళ్ళను నమ్మకూడదని బంటు పెట్టిన షరతు అది.

"ఏమంటావు?" అని అడిగింది బీరమ్మ.

"ఉండనీ అమ్మా. వినడం నేను చూసుకుంటా, చూడడం అది చూసుకుంటుంది" అంది బంటు.

మర్నాడు పెంకు కట్టడానికి పోలయ్య తలవంచుకుని వచ్చాడు. బీరమ్మ అతని చేత కట్టించుకోలేదు. సన్నమ్మ మెడలోని పెంకును తానే విప్పి తన మెడలో కట్టుకుంది. "అదే పెంకు అన్నారు కదా. ఇక దాని మెడ ఖాళీ" అంది.

సంతలో ఆమె గొంగళ్ళను ఎవరూ ముట్టుకోలేదు. రెండో సంతలోనూ అంతే. మూడో సంతకు పెంకు దాచుకుని రమ్మని కొందరు జాలిపడ్డారు. బీరమ్మ ఏం చేసిందో తెలుసా? ఎర్ర ఉన్నితో తాడు పేని, పెంకు అందరికీ కనబడేలా గుండెల మీద వేలాడదీసుకుని వచ్చింది. ఇంట్లో అంబలి పలచబడింది. ఆ పలచని అంబలినే మూడు చిప్పల్లో పోసుకుని ముగ్గురూ తాగారు.

తాగుతూ తాగుతూ సన్నమ్మకు కండపట్టింది. ఒకనాడు బీరమ్మ పగ్గం విప్పితే గుట్టమీద పరుగెత్తింది. ముందు కుందేలు లేదు, వెనక కొరడా లేదు, ఊరికే, సంతోషం పట్టలేక. ఆ దారిన పోతున్న రాజు గుర్రం ఆపి నోరు తెరిచాడు. ఆయన కోటలోని జాగిలాల్లో ఏదీ అలా పరుగెత్తలేదు.

తర్వాతి సంతకు రాజు పరివారంతో దిగాడు.

"ఆ జాగిలం మాది. ఇచ్చెయ్" అన్నాడు.

సంతలో బేరాలు ఆగిపోయాయి.  అబద్ధమెందుకు, బీరమ్మకు భయం వేసింది. కానీ సన్నమ్మ ఆమె కాలికి ఒరిగి ఉంది. ఆ బరువు తెలుస్తుంటే ఆమె వెనక్కి అడుగు వేయలేకపోయింది.

ఆమె మెడలోని పెంకు విప్పి రెండు చేతులతో రాజు ముందు పట్టుకుంది.

"తీసుకోండి మహారాజా. ముందు ఇది కట్టుకోండి."

"ఏమిటా పొగరు!" అన్నాడు రాజు.

"పొగరు కాదు, తమరి దండోరా. ఓడిన జాగిలాన్ని చేరదీసినవారు ఎంతటివారైనా సరే పెంకు కట్టుకోవాలన్నారు. నేను కట్టుకున్నా. ఇప్పుడు తమరు చేరదీస్తానంటున్నారు."

రాజు పోలయ్య వైపు తిరిగాడు. "అలా చాటావా?"

పోలయ్య అటూ ఇటూ చూశాడు. అయినా డప్పు భుజానికి వేసుకుని, మూడు దెబ్బలు కొట్టి, గొంతెత్తాడు. "ఎంతటివారైనా సరేనహో!"

"అయితే ఆ శాసనం ఇప్పుడే కొట్టేస్తున్నా!" అన్నాడు రాజు.

"కొట్టేయండి మహారాజా, సంతోషం. అలాగే ఇన్నేళ్ళుగా గోడపక్కన చచ్చిన జాగిలాల తప్పేమీ లేదని, తప్పంతా కోటదని చాటించండి. చాటించాక దీన్నే అడుగుదాం, ఎక్కడ ఉంటుందో."

రాజు మొహం కందగడ్డలా అయింది. తప్పు ఒప్పుకోవాలంటే నోరు రాలేదు, పెంకు కట్టుకోవాలంటే మెడ వంగలేదు. చివరికి గట్టిగా చిటికె వేసి, "పవనరేఖా! ఇటు రా!" అన్నాడు.

ఆ జాగిలం గొంతు అంతవరకు ఎవరూ వినలేదు. అది మెల్లగానే పలికింది, కానీ అందరికీ వినబడింది.

"ఆ పేరుగలది ఆకలితో తమరి వేటలోనే పడిపోయింది ప్రభూ. నా పేరు సన్నమ్మ."

రాజు గుర్రం తిప్పాడు. శాసనం కొట్టేసినట్టు చాటించనే లేదు.

ఆయన సందు మలుపు తిరగకముందే కోటిలింగం సెట్టి ముందుకు వచ్చాడు. "బీరమ్మా, ఆ నల్లగొంగళి ఇటివ్వు. కొంటే నన్నేమంటారో నేనూ చూస్తా" అన్నాడు. బీరమ్మ గొంగళి ఇచ్చి, పెంకు మళ్ళీ తన మెడలో కట్టుకుంది. మాట ప్రకారం ఏడాది పూర్తి కాలేదు మరి.

మళ్ళీ వేట పండుగ వచ్చింది. మళ్ళీ ఒక జాగిలం ఓడింది. మెడలో పెంకుతో దాన్ని బయటికి తరమబోయి, భటులు కోట తలుపు తెరిచారు. తెరిచి కొయ్యబారిపోయారు.

బయట ఊరు ఊరంతా నిలబడి ఉంది. సెట్టి ఉన్నాడు, పోలయ్య ఉన్నాడు, ముందు వరుసలో బీరమ్మ, బంటు, సన్నమ్మ ఉన్నారు. ప్రతి మెడలోనూ, బంటు మెడలో కూడా, ఎర్ర ఉన్నితాడుకు కట్టిన ఒక కుండపెంకు.

"ఏదీ, ఇటు పంపండి. ఈసారి ఎవరింటికి వస్తుందో దాన్నే అడుగుతాం" అంది బీరమ్మ.

ఆ మరుసటి ఏడు కోటలో పెంకుకు తాడు కట్టేవాడు గానీ, జాగిలాలను పస్తుంచేవాడు గానీ ఒక్కడూ దొరకలేదు. జాగిలాలు వేట పండుగనాడు కడుపునిండా తిని ఎండలో పడుకున్నాయి.

కాబట్టి పిల్లలూ, తప్పు లేనివారిమీద వేసిన నిందను పదిమంది తలెత్తుకుని మోస్తే, అది వేసినవారి మెడకే చుట్టుకుంటుంది.