పోలమ్మ చూపించిన సున్నా

కౌశిక్‌కి వచ్చిన చిక్కేమిటో వింటే మీరు నవ్వుతారు. అతని మందు మరీ బాగా పనిచేస్తోంది. అదే వాళ్ళ గురువుగారికి అనుమానం!

సముద్రం ఒడ్డున ఓ క్యాన్సర్ ఆసుపత్రి. కౌశిక్ అక్కడ కొత్తగా చేరిన కుర్ర డాక్టరు, వైద్యంతో పాటు పరిశోధన కూడా నేర్చుకుంటున్నాడు. నేర్పేది డాక్టర్ హైమవతిగారు. ఆవిడది ముప్పై ఏళ్ళ అనుభవం, మూడే ముక్కల్లో మాట.

ఆ పక్క పల్లెల్లో ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారన్నమాట. అంగిట్లో పుండు పడి, అది ముదిరి, ఆఖరికి ఇక్కడ తేలతారు. ఇక్కడ కరెంటు పెడతారు, అంటే రేడియేషన్ ఇస్తారు. జబ్బు సంగతి అలా ఉంచండి, ముందు ఆ కరెంటు దెబ్బకి నోరంతా పొక్కిపోతుంది.

ఆ మంట చల్లార్చడానికే మన కౌశిక్ ఓ పుక్కిలించే మందు తయారుచేశాడు. సగం మందికి అది, సగం మందికి మామూలు ఉప్పునీళ్ళు. రోజూ పొద్దున్నే మనిషికో ప్రశ్న. సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఓర్చుకోలేనట్టు. ఇవాళ ఎంత?

శుక్రవారం నాడు కాగితాల కట్ట పట్టుకుని గురువుగారి గదిలోకి ఎగురుకుంటూ వెళ్ళాడు.

"మేడం, ఉప్పునీళ్ళ వాళ్ళు ఏడూ ఎనిమిదీ అంటున్నారు. మన మందు వాళ్ళు సున్నా, మహా అయితే ఒకటి! పుండు కంటికి కనిపిస్తూనే ఉంది, అయినా నొప్పి లేదంటే చూడండి. పోలమ్మగారికైతే నాలుగు రోజుల క్రితమే నొప్పి మాత్రలు ఆపేశాను. సోమవారం ఆసుపత్రి కమిటీ ఒప్పుకుంటే వార్డు మొత్తానికీ ఆపేయొచ్చు."

"ఉప్పునీళ్ళ వాళ్ళని ఎవరడుగుతున్నారు?"

"సిస్టర్ కాంతమ్మగారు."

"నీ మందు వాళ్ళని?"

"నేనేనండీ! ఒక్కరోజు మానలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కోటు ఇలా ఇయ్యి."

"ఎందుకండీ, మాసిందా?"

"మాస్కు కూడా. ఒంటిగంటకి వెనకాల కుళాయి గట్టు మీద కూర్చో. కలం, కాగితం వద్దు."

కౌశిక్ బిక్కమొహం వేసుకుని వెళ్ళాడు. రోగుల తాలూకు వాళ్ళు భోజనాలయ్యాక క్యారేజీలు కడుక్కునే చోటు అది. కాసేపు విసుక్కున్నాడు. కాసేపు చీమల్ని చూశాడు. తర్వాత కుక్కల్ని చూశాడు. నాలుగు కుక్కలు, నాలుగూ పిప్పళ్ళ బస్తాల్లా ఉన్నాయి! ఆసుపత్రి కుక్కలకి ఇంత కండ ఎక్కడిదబ్బా?

ఎక్కడిదో కాసేపట్లోనే తెలిసింది. ఓ ముసలాయన వచ్చి క్యారేజీ మూత తీశాడు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది, గిన్నె ఆకారంలో. బోర్లించి గట్టు పక్కన తట్టాడు. కుక్కలు పరుగెత్తుకొచ్చాయి.

"ఏటి బాబూ, అలా సూస్తన్నావు? పారబోస్తన్నాననా? మా ముసల్ది తింటే కదా! ముద్ద మింగి నాలుగు దినాలైపోనాది. ఉమ్మి మింగితేనే కళ్ళమ్మట నీళ్ళు."

"ఏ మంచం, తాతా?"

"తొమ్మిదో నెంబరు. పోలమ్మ."

పొద్దున్న కౌశిక్ అడిగినప్పుడు పోలమ్మ నోరు మెదపలేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా సున్నా చుట్టి చూపించి, కళ్ళతో నవ్వింది. ఎంత ముచ్చటగా చెప్పిందో అనుకుని మరీ రాసుకున్నాడు!

"డాక్టరుగారికి చెప్పొచ్చుగా?"

"ఆ సిస్టరమ్మ అడిగితే సెప్పేసును బాబూ. అడిగేది ఆ కుర్ర డాకటరు. ఆ మందు ఆయనే సేసినాడంట. సున్నా అనగానే పరీచ్చ పాసైన పిల్లోడిలాగ మొకం ఎలిగిపోతాదంట. 'మాస్కులోంచి కూడా తెలిసిపోతాది, ఆ పిల్లోడి మనసు ఇరగ్గొట్టి నానేటి బావుకుంటాను' అన్నాది. మొగమాటం మనిషి." ముసలాయన గిన్నె తోముతూ నవ్వాడు. "నన్ను మట్టుకు నలబై ఏళ్ళుగా తిడతానే ఉన్నాది. నా కాడ నేదు ఆ మొగమాటం!"

కౌశిక్ లేచి, వార్డుకి పరుగెత్తాడు. కాంతమ్మగారిని పిలిచి పోలమ్మకి నొప్పి మందు మళ్ళీ మొదలుపెట్టించాడు, సెలైన్ ఎక్కించాడు. మందు పట్టాక చల్లార్చిన పల్చటి అంబలి చెంచాతో తనే పట్టాడు. సగం గ్లాసు దిగేసరికి మూడున్నరైంది. తక్కిన సున్నాల వాళ్ళనీ చూసి రమ్మని కాంతమ్మగారిని పంపాడు. ఆవిడ తిరిగొచ్చి, నొప్పి దాచినవాళ్ళ మంచం నెంబర్లు ఒక్కొక్కటే చెబుతుంటే తలెత్తలేకపోయాడు.

గురువుగారి గదిలో కోటు కుర్చీకి వేలాడుతోంది. కాగితాల కట్ట బల్ల మీదే ఉంది.

"మేడం, ఇదంతా తప్పే. చింపేసి మళ్ళీ మొదలెట్టమంటారా?"

"చింపడమెందుకు? నువ్వు కొలిచింది సరిగ్గానే కొలిచావు."

ఆవిడ పోలమ్మ పేరు వెతికి, దాని పక్కనున్న సున్నాల వరస మీద వేలు పెట్టారు.

"నీ మీద ఆవిడకెంత ప్రేముందో అది. నొప్పి ఇంకా కొలవలేదు, అంతే."

కౌశిక్ కోటు కోసం చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి సగంలోనే ఆగింది. కోటు అక్కడే వదిలేసి, సున్నా నుంచి పది దాకా అంకెలున్న అట్టముక్క మాత్రం తీసుకుని, కాంతమ్మగారిని వెతుక్కుంటూ బయటికి నడిచాడు.