చాపల మీద ఏరు దాటిన సైన్యం

ఏటి అవతల శత్రువులు దిగారని కబురొచ్చింది. "పది పడవలున్నాయి, పూటలో సైన్యాన్ని దాటించేస్తాను" అని దళవాయి రాజుగారికి మాటిచ్చాడు. అది విని పడవ నడిపే పోలయ్య ముందుకొచ్చాడు.

"ముందు ఇక్కడే దాటి చూపించండి దొరా" అని కోట ముంగిట ఏటి గట్లనుకోమంటూ దూరందూరంగా రెండు గీతలు గీశాడు. పడవలకు బదులు పది చాపలిచ్చాడు. చాపకో పడవవాడు, పదిమంది సైనికులు చొప్పున చాప పట్టుకుని, పడవ సాగినంత నెమ్మదిగా నడవాలన్నాడు.

దళవాయి నవ్వుతూ మొదటి విడతలోనే అవతలి గీత చేరాడు. పడవవాళ్ళు ఖాళీ చాపలతో వెనక్కి బయల్దేరారు.

పోలయ్య తెడ్డు ఎత్తి దళవాయి గుండెకు ఆనించాడు. "ఇప్పుడు నేను శత్రువుని. మీ సైన్యమేది?"

దళవాయి వెనక్కి చూశాడు. తనతో దాటిన వందమంది తప్ప సైన్యమంతా ఇవతలి గీత దగ్గరే చాపల కోసం ఎదురుచూస్తోంది.

"పడవ తిరిగి కూడా రావాలి దొరా. ఇక్కడ చచ్చినవాళ్ళు లేచి ఇంటికెళ్ళి అన్నం తింటారు. ఏటి అవతల చచ్చినవాళ్ళు తినరు."